ఆరు వందల ర్యాంకు అమ్మాయి జమాఖర్చు

(భీమవరంలో ఒక శనివారం సాయంత్రం తల్లిదండ్రులు, విద్యార్థుల ముందు ఒక మాజీ టెన్నిస్ క్రీడాకారిణి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన దగ్గర ఏ సభలోనైనా ముందు వరస ఎందుకు ఖాళీగా ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రండమ్మా, నేనేమీ ప్రశ్నలు అడగను.

నన్ను పిలిచిన మాస్టారు 'టెన్నిస్‌లో ఆడపిల్లలకు అవకాశాలు' అని విషయం ఇచ్చారు. మాస్టారూ, ఏమీ అనుకోకండి, దాని మీద నేను మాట్లాడను. అవకాశాలు అనగానే అందరికీ సానియా మీర్జా గుర్తుకొస్తుంది. సానియా గురించి చెప్పడానికి నేనెందుకు? మీకు తెలియనిది నేనేం చెబుతాను? నాకు తెలిసింది వేరే. ప్రపంచ ర్యాంకుల్లో ఆరు వందల దగ్గరో ఏడు వందల దగ్గరో ఉన్న అమ్మాయి ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది, ఎందుకు మానేస్తుంది, ఎందుకు మానెయ్యలేకపోతుంది. అది నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయిని నేనే కాబట్టి.

మాది పాలకొల్లు పక్కన పల్లె. నాన్నకు రొయ్యల చెరువులు. చెరువు కలిసొచ్చిన ఏడాది నేను విదేశాలకు వెళ్లి ఆడాను. రొయ్యలకు వైట్‌స్పాట్ జబ్బు వచ్చిన ఏడాది దేశం దాటలేదు. నా ర్యాంకుల చరిత్ర తీసి చూస్తే అందులో రొయ్యల చరిత్ర కనిపిస్తుంది. నవ్వుతున్నారు గానీ నిజమండీ. చెరువులున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు తెలుసు.

నా ర్యాంకు అన్నిటికన్నా బాగున్న రోజుల్లో, అంటే ఆరు వందల ఇరవై దరిదాపుల్లో ఉన్నప్పుడు, బంధువుల పెళ్లిలో ఒక పెదనాన్నగారు పిలిచి అడిగారు. 'ఏమ్మా, నీ ర్యాంకు ఎంత?' 'ఆరు వందల ఇరవై అండి.' 'అయ్యో, అలాగా. ఫరవాలేదులే అమ్మా, మళ్లీ ప్రయత్నం చెయ్యి.' ఆయన ప్రేమగానే అన్నారు. పక్కనే వాళ్ల మనవడు కూర్చుని ఉన్నాడు. వాడికి ఎంసెట్‌లో తొమ్మిది వందల చిల్లర వస్తే ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు! ఎంసెట్ రాసేది మన రాష్ట్రం పిల్లలు. టెన్నిస్ ఆడేది? అమెరికా, రష్యా, చైనా, చెక్, అర్జెంటీనా, అందరూ ఆడతారు. ఆ అందరిలో ఆరు వందల ఇరవై. దానికి ఓదార్పు దొరికింది, ఫ్లెక్సీ దొరకలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. ఆరు వందల ర్యాంకు ఓటమి కాదండీ. అదొక కొలువు. జీతం సరిగా రాని కొలువు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని కొలువుగానే చూడాలి. 'మా అమ్మాయి సానియా అవుతుందా?' అని అడిగే తల్లిదండ్రులు నా దగ్గరికి వారానికి ఒకరైనా వస్తారు. ఆ ప్రశ్నకు నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా జవాబు లేదు. 'ఈ పనిలో మా అమ్మాయి ఎన్నేళ్లు నిలబడగలదు, దానికి ఏం కావాలి?' అని అడగండి. దానికి లెక్క ఉంది. ఆ లెక్క చెబుతాను.

ముందు ర్యాంకు అంటే ఏమిటి? అమ్మాయిల టెన్నిస్‌లో 1975 నుంచి కంప్యూటరు లెక్క నడుస్తోంది. గడిచిన 52 వారాల్లో మీరు ఆడిన టోర్నమెంట్లలో బాగా ఆడిన 18 తీసుకుని వాటి పాయింట్లు కూడతారు. ఇదివరకు 16 తీసుకునేవారు. నిరుడు ఈ వారంలో సంపాదించిన పాయింట్లు ఈ వారంలో పోతాయి. అంటే ర్యాంకు సొంత పొలం కాదు, కౌలు పొలం. నిరుడు ఎన్ని బస్తాలు పండించావని ఎవరూ అడగరు. ఈ ఏడాది మక్తా కట్టావా లేదా, అంతే. మడమ బెణికి రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే, నువ్వు కూర్చున్నా పాయింట్లు కూర్చోవు. వారం వారం జారిపోతూనే ఉంటాయి. సోమవారం కొత్త జాబితా వస్తుంది. నాకు ఇప్పటికీ సోమవారం పొద్దున లేవగానే ఫోను తీయాలనిపిస్తుంది.

ఇప్పుడు మెట్లు చూడండి. పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. వాటి కింద మహిళల టెన్నిస్ సంఘం నడిపే డబ్ల్యూటీఏ టోర్నమెంట్లు, అంటే టీవీలో వచ్చేవి. వాటి కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే టోర్నమెంట్లు. వాటికి డబ్ల్యూ 100, 75, 50, 35, 15 అని పేర్లు. అన్నిటికన్నా కింది మెట్టు డబ్ల్యూ 15. ప్రతి అమ్మాయీ దాదాపుగా అక్కడే మొదలుపెడుతుంది. నా రోజుల్లో దాన్ని 'పది వేల డాలర్ల టోర్నమెంటు' అనేవాళ్లం. 2017లో పదిహేను వేలు చేశారు. పది వేలు ఒక్కరికి కాదండోయ్! టోర్నమెంటు మొత్తానికి, సింగిల్స్, డబుల్స్ కలిపి, అందరికీ పంచేది.

డబ్ల్యూ 15 గెలిస్తే ఎన్ని పాయింట్లు? 15. ఫైనల్లో ఓడితే 10. సెమీస్‌లో 6, క్వార్టర్స్‌లో 3. మొదటి రౌండు గెలిచి రెండోది ఓడితే 1. మొదటి రౌండే ఓడితే సున్నా. గ్రాండ్‌స్లామ్ గెలిచినవాళ్లకు 2,000. సరే, అది అలా ఉంచండి.

ఇక్కడ లెక్కల మాస్టారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారా? మంచిది, నన్ను పట్టుకోండి. ఒక అమ్మాయి ఏడాది పొడవునా డబ్ల్యూ 15 లే ఆడిందనుకుందాం. ఆడిన ప్రతిదీ గెలిచిందనుకుందాం. ఒక్క మ్యాచి కూడా ఓడలేదు. ముప్పై టైటిళ్లు గెలిచినా లెక్కలోకి వచ్చేవి 18. పద్దెనిమిది పదిహేనులు ఎంత? 270. గ్రాండ్‌స్లామ్‌లో, మెయిన్ డ్రా అంటే అసలు పోటీ, దాని సంగతి వదిలేయండి, దానికి ముందు మూడు రౌండ్ల క్వాలిఫయింగ్ ఉంటుంది చూశారా, అందులో అడుగు పెట్టడానికే సుమారు 230 లోపు ర్యాంకు కావాలి. ఆ ర్యాంకుకు పాయింట్లు మూడు వందల దరిదాపు కావాలి. అంటే ఏడాదంతా ఓటమి ఎరగని అమ్మాయికి కూడా గేటు తెరుచుకోదు! కింది మెట్టు మీద ఎంత బాగా నిలబడ్డా లాభం లేదు, పై మెట్టుకు కదలాల్సిందే. పై మెట్టు మీద మొదటి రౌండులోనే ఎదురయ్యేది నీకంటే మూడు వందల ర్యాంకులు పైనున్న అమ్మాయి. అర్థమైందా, ఇరుకు ఎక్కడుందో?

ఇప్పుడు డబ్బు. 2025 యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడిపోయిన అమ్మాయికి 1,10,000 డాలర్లు ఇచ్చారు. డబ్ల్యూ 15 లో మొదటి రౌండు ఓడితే 147 డాలర్లు. మన లెక్కలో పన్నెండు పదమూడు వేల రూపాయలు. ఇద్దరూ రెండు సెట్లే ఆడారు, ఇద్దరూ ఓడారు. ఏడు వందల రెట్ల తేడా. డబ్ల్యూ 15 గెలిచిన అమ్మాయికైనా 2,352 డాలర్లు, అంటే రెండు లక్షల రూపాయలు. వారానికి గది, తిండి, కారు కలిపి ఐదారు వందల డాలర్లు, విమానం వేరే. టైటిల్ గెలిస్తే ఆ వారం గట్టెక్కుతుంది, పై నెల విమానం టికెట్టు కూడా వస్తుంది. టైటిల్ గెలిచేది ఒక్కరు. డ్రాలో 32 మంది. మిగిలిన 31 మంది ఏం చేస్తారు?

నా రోజుల్లో మొదటి రౌండు ఓడితే 98 డాలర్లు. అందులో వాళ్ల దేశం పన్ను పట్టుకుని మిగతాది కవరులో పెట్టి ఇచ్చేవాళ్లు. ఆ కవరు తీసుకోవడానికి ఓడిన బట్టలతోనే వరసలో నిలబడాలి.

ఇది నా ఒక్కదాని ఏడుపు అనుకోకండి. అంతర్జాతీయ సమాఖ్యే 2013 లెక్కలు తీసి చూసింది. కోచ్ ఖర్చు కలపకుండా, కేవలం తిరగడానికీ ఉండడానికీ అయ్యే ఖర్చుకు సరిపడా ప్రైజ్ మనీ రావాలంటే అమ్మాయి ర్యాంకు 253 లోపు ఉండాలని తేలింది. కోచ్‌ను కూడా తీసుకెళ్లాలంటే? ఇంకా లోపల ఉండాలి. 2017లో వాళ్లే మరో మాట చెప్పారు. ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడుతున్నవాళ్లు పద్నాలుగు వేల మందికి పైగా ఉంటే, అందులో దాదాపు సగం మందికి ప్రైజ్ మనీగా ఒక్క డాలరు కూడా రాలేదని. సగం మంది!

మరి ఎలా బతుకుతారు? చెబుతాను. గట్టింగ్, అంటే రాకెట్‌కు తీగలు బిగించడం, దాని గురించి చెబుతాను.

టెన్నిస్ రాకెట్‌కు ఇప్పుడు ఎక్కువమంది వేసేది పాలియెస్టర్ తీగ. బంతి బాగా తిరుగుతుంది. కానీ దాని బిగువు తొందరగా పోతుంది. తెగదు, పైకి బాగానే కనిపిస్తుంది, కొడితే మాత్రం బంతి ఎక్కడ పడుతుందో తెలియదు. పై ర్యాంకు అమ్మాయిలు మ్యాచికి ఐదారు రాకెట్లు కొత్త గట్టింగ్‌తో తెచ్చుకుంటారు. టోర్నమెంటు దగ్గర కూర్చుని గట్టింగ్ వేసే అతను ఒక్కో రాకెట్‌కు పదిహేను, ఇరవై డాలర్లు తీసుకుంటాడు, తీగ మనది. నా దగ్గర ఉన్నవి మూడు రాకెట్లు. రోజుకు రెండు వేయించినా వారానికి ఎంత? ఓడినవాళ్ల కవరుకు మించిపోతుంది.

అందుకని నాన్న ఒక సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనిచ్చారు. బల్ల మీద పెట్టుకునేది, బరువు కిందికి వాలితే తీగ బిగిసే రకం. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లేదాన్ని. 200 మీటర్ల చుట్ట కొంటే, రాకెట్‌కు పన్నెండు మీటర్ల చొప్పున, పదహారు రాకెట్లకు వస్తుంది. రాత్రి గదిలో నేల మీద కూర్చుని ముందు నిలువు తీగలు, తర్వాత అడ్డం తీగలు, ఒక్కొక్కటీ కిందా మీదా అల్లుకుంటూ పోవాలి. మొదట్లో ఒక్క రాకెట్‌కు గంటన్నర పట్టేది. వేళ్ల చివర్లు కోసుకుపోయేవి, మర్నాడు గ్రిప్ పట్టుకుంటే మండేది. చేయి తిరిగాక ముప్పావుగంట. పక్క గది అమ్మాయి చూసి, నాకూ వేసిపెడతావా అంది. పది డాలర్లు అన్నాను. ఆ అమ్మాయి ఇంకొకరికి చెప్పింది. ఒక వారం ఈజిప్టులో మొదటి రౌండు ఓడిపోయాను. ఆ వారం ఆట మీద వచ్చిన దానికన్నా గట్టింగ్ మీద వచ్చిందే ఎక్కువ. నన్ను ఓడించిన అమ్మాయి రాకెట్‌కు గట్టింగ్ వేసింది కూడా నేనే.

మీరు నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను.

ఈజిప్టు అన్నాను కదా. మన దేశంలో అమ్మాయిల టోర్నమెంట్లు ఏడాదికి కొన్ని వారాలే ఉంటాయి. వరసగా ప్రతి వారం దొరికేవి కొన్ని ఊళ్లలోనే. ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, టర్కీలో అంటాల్యా, ట్యునీసియాలో మొనాస్టిర్. అన్నీ సముద్రం ఒడ్డున విహారానికి వచ్చేవాళ్ల హోటళ్లు. హోటలు వెనకాల కోర్టులు. సందర్శకులు రాని కాలంలో గదులు నిండాలి, అందుకు మేము. అక్కడ వరసగా నాలుగైదు వారాలు ఉండిపోతే విమానం ఒక్కసారే. అందుకే అందరూ అక్కడికే చేరతారు. జర్మనీ వాళ్లు సముద్రంలో స్నానం చేసి వచ్చి జ్యూసు తాగుతూ ఉంటారు, వాళ్లకు పది గజాల దూరంలో ఒక అమ్మాయి మూడో సెట్‌లో ఏడుస్తూ సర్వీసు చేస్తూ ఉంటుంది. ప్రేక్షకులు ఎవరు? అవతలి అమ్మాయి తల్లి. అంతే.

యూరప్ వెళ్లాలంటే మనకు వీసా. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. ఫ్రాన్స్ అమ్మాయి రైలెక్కి పక్క ఊరికి వెళ్లి ఆడి సాయంత్రానికి ఇంటికి వస్తుంది. మన అమ్మాయి ముందు హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. టోర్నమెంటు జాబితాలో పేరు చేరిందో లేదో తేలేది సుమారు మూడు వారాల ముందు, వీసా రావడానికి పట్టేది అంతకన్నా ఎక్కువ. ముందు వీసానా, ముందు టోర్నమెంటా? ఈ ముడి విప్పడం నాకు చివరిదాకా చేతకాలేదు.

ఇక్కడ తల్లులు ఉన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. అబ్బాయి ఒంటరిగా వెళ్తాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే గదిలో సర్దుకుంటారు. అమ్మాయిని ఒంటరిగా పంపమంటే ఇంట్లో ఒప్పుకోరు. అమ్మ తోడు వస్తే ఖర్చు రెట్టింపు. మా అమ్మ బడిలో టీచరు, సెలవు పెట్టి వచ్చేది, సెలవులు అయిపోతే జీతం నష్టం. చివరికి నేను ఒంటరిగానే తిరగడం నేర్చుకున్నాను, ఇంట్లో వాళ్లూ నేర్చుకున్నారు. ఇంకొకటి. ఎండలో ఆడితే నల్లబడుతుంది, పెళ్లి కాదు. ఈ మాట వినని టెన్నిస్ అమ్మాయి గోదావరి జిల్లాల్లో ఉంటే చేయెత్తమనండి. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి సంబంధాలు వస్తాయి. టెన్నిస్‌లో ఇరవై రెండంటే ఇంకా శరీరం గట్టిపడే వయసు, ఆట అప్పుడే అర్థమవుతూ ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది అమ్మాయిలు ఆట రాక మానలేదు. ఆ వయసులో మానిపించడం వల్ల మానారు. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

పందేల సంగతి కూడా చెప్పాలి. పందెం అంటే ఏమిటో భీమవరంలో నేను చెప్పాలా? సంక్రాంతి వస్తే మీరే నాకు చెప్పగలరు. కానీ ఎవరూ చూడని డబ్ల్యూ 15 మ్యాచి మీద కూడా ప్రపంచమంతటా పందేలు కాస్తారని మీకు తెలుసా? అంపైరు పాయింటు పాయింటుకూ పరికరంలో నొక్కుతాడు, ఆ స్కోరు క్షణాల్లో పందేల కంపెనీలకు చేరుతుంది. ఆ స్కోరు హక్కులను సమాఖ్య అమ్ముకుంటుంది. ఆడేది 147 డాలర్ల కోసం, దాని మీద నడిచే పందెం వేల డాలర్లు. అలాంటి చోట 'మొదటి సెట్ ఓడిపో, ఇంత ఇస్తాం' అని మెసేజ్ వస్తే? వస్తుంది. నాతో గది పంచుకున్న అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి అధికారులకు చెప్పింది, మంచి పని చేసింది. 2018లో ఒక స్వతంత్ర బృందం కింది స్థాయి టెన్నిస్‌లో పందేల అవినీతిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. ఆ బెడద ఎంత పెద్దదో చెప్పడానికి అందులో సునామీ అనే మాట వాడారు. లొంగితే ఏళ్ల తరబడి నిషేధం, కొందరికి జీవితాంతం. మీ పిల్లలకు పద్నాలుగో ఏట ముందు ఇది చెప్పండి, ఫోర్‌హ్యాండ్ తర్వాత నేర్పవచ్చు.

పందెం ఓడినవాళ్ల తిట్లు వేరే. 2024లో ఆటగాళ్లకు వచ్చిన దూషణ సందేశాలను డబ్ల్యూటీఏ, సమాఖ్య కలిసి లెక్కించాయి. 458 మంది ఆటగాళ్లకు దాదాపు 8,000 సందేశాలు. అందులో 40 శాతం పందెం పోగొట్టుకున్నవాళ్లవి. ఓడి గదికి వచ్చి ఫోను తీస్తే, ఏ దేశంలోనో ఉన్నవాడు మీ అమ్మను తిడుతూ ఉంటాడు. నా శిష్యురాలు ఒకతి పెద్ద టోర్నమెంట్లకు వెళ్తోంది. మ్యాచి రోజు ఆ అమ్మాయి ఫోను వాళ్ల అన్నయ్య దగ్గర ఉంటుంది.

2019 సంగతి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ప్రొఫెషనల్ ఆటగాళ్లు మరీ ఎక్కువయ్యారని, పదిహేను వేల డాలర్ల టోర్నమెంట్లకు డబ్ల్యూటీఏ పాయింట్లు తీసేశారు. ఒక్క ఏడాదిలో కింది ర్యాంకుల వాళ్ల పేర్లు జాబితాలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. అందరూ గోల పెట్టారు, ఆ ఏడాది ఆగస్టులోనే తిరిగి ఇచ్చారు. ఈలోగా మానేసినవాళ్లు మానేశారు.

అయితే ఈ దారిలో నడిచి పైకి వెళ్లినవాళ్లు లేరా? ఉన్నారు. కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్ 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండు గెలిచింది. ఓపెన్ యుగంలో, అంటే ప్రొఫెషనల్స్‌నూ ఆడనివ్వడం మొదలయ్యాక, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మ్యాచి గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె అత్యుత్తమ ర్యాంకు 134. అప్పట్లో ఆమె ఒక్కతే ఎలా తిరిగిందో తలచుకుంటే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. తర్వాత సానియా. 2005లో హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది, 2007లో 27వ ర్యాంకు. హైదరాబాద్ టైటిల్ గెలిచిన నెలలో మా క్లబ్బు దగ్గర ఆడపిల్లల వరస మీరు చూడాల్సింది. ఏడాది తిరిగేసరికి ఇద్దరం మిగిలాం.

నాకు మాత్రం అంకితా రైనా ఎక్కువ. సానియా కన్నా గొప్పదని అనడం లేదు, అపార్థం చేసుకోకండి. ఆమె బతుకు నాకు అర్థమవుతుంది. అహ్మదాబాద్ అమ్మాయి. 2020లో 160వ ర్యాంకు, 2018 ఆసియా క్రీడల్లో సింగిల్స్ కాంస్యం. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ ఆడుతూనే వచ్చింది. 2021లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్ చివరి రౌండుదాకా వెళ్లి ఓడింది. ఎవరైనా తప్పుకుంటే చోటు దొరుకుతుందని మెల్‌బోర్న్ వెళ్లి ఎదురుచూసింది. సింగిల్స్‌లో దొరకలేదు. డబుల్స్‌లో మెయిన్ డ్రా ఆడింది. వెనువెంటనే అక్కడే డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిల్ గెలిచి డబుల్స్‌లో వంద లోపు ర్యాంకుకు వెళ్లింది. ఆమెకు ఉద్యోగం ఎక్కడో తెలుసా? ఓఎన్‌జీసీలో. మన నరసాపురం, రాజోలు వైపు బావులు తవ్వే ఓఎన్‌జీసీయే. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం అంటే మనవాళ్లు ఆట మానేశాక వచ్చే పింఛను అనుకుంటారు. కాదండీ, ఆడుతుండగా నెలనెలా వచ్చే జీతం. దాంతోనే గది అద్దె కడతారు. కింది ర్యాంకు అమ్మాయికి గ్రాండ్‌స్లామ్ కన్నా ముందు కావలసింది ఆ ఉత్తర్వు.

ఇంతలో ఎవరో ఒకరు నాకు ఎమ్మా రాదుకాను పేరు చెబుతారు. 2021లో 150వ ర్యాంకుతో, క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి యూఎస్ ఓపెన్ గెలిచేసింది కదా అని. గెలిచింది. 2025లో 361వ ర్యాంకు ఉన్న లోయిస్ బ్వాసోన్ ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్‌కు వెళ్లింది కదా అని. వెళ్లింది, మూడో ర్యాంకు, ఆరో ర్యాంకు అమ్మాయిలను కొట్టి వెళ్లింది. కానీ రెండో కథలో చిన్న సంగతి ఉంది. ఆమెకు వైల్డ్ కార్డు ఇచ్చారు, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటు. ఎందుకిచ్చారు? ఫ్రాన్స్ అమ్మాయి, ఫ్రాన్స్‌లో గ్రాండ్‌స్లామ్ ఉంది. మనకు గ్రాండ్‌స్లామ్ లేదు. 361వ ర్యాంకు భారతీయ అమ్మాయికి ఆ తలుపు ఎవరు తెరుస్తారు?

అమలాపురం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? మీ ఊరి అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. 'కోనసీమ నుంచి బ్యాడ్మింటన్ వచ్చింది, టెన్నిస్ ఎందుకు రాదు?' అని నన్ను అడుగుతారు. మన పిల్లల్లో సత్తా లేక కాదు. బ్యాడ్మింటన్‌లో విదేశీ టోర్నమెంటుకు పేరు పంపేది జాతీయ సమాఖ్య. హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీ ఉంది, అక్కడికి వెళ్తే ప్రపంచ స్థాయి ఆటగాళ్లతో రోజూ ఆడవచ్చు. టెన్నిస్‌లో పేరు పంపుకునేది నువ్వే, డబ్బు కట్టుకునేది నువ్వే, ఓడితే నష్టపోయేది నువ్వే. పైగా మన మట్టి కోర్టులు. వానాకాలంలో నెలల తరబడి ఆట ఉండదు. మిగతా రోజుల్లో గాలిలో చెమ్మకు బంతి నూగు ఉబ్బి బరువెక్కిపోతుంది. పొద్దున రోలర్ లాగి, నీళ్లు చల్లి, సున్నం గీతలు వేసేసరికి ఎండ ఎక్కుతుంది. మాకు క్లబ్బులో ఒక మార్కర్, అంటే సభ్యులతో ఆడే ఉద్యోగి, ఉండేవాడు. పెద్దవాళ్లు పేకాటకు లోపలికి వెళ్లాక ఆయనే నాతో ఆడేవాడు. నా బ్యాక్‌హ్యాండ్ ఆయన ఇచ్చిందే.

దారులు లేకపోలేదు. అమెరికా కాలేజీ దారి ఉంది. మన తెలుగు అమ్మాయి సహజ యమలపల్లి అక్కడ కాలేజీ జట్టుకు ఆడి, డిగ్రీ చేసుకుని, తర్వాత ప్రొఫెషనల్‌గా వచ్చి దేశంలో ముందు వరసలో నిలిచింది. చదువు, కోచ్, కోర్టు, తిండి అన్నీ కాలేజీ చూసుకుంటుంది, ఇరవై రెండేళ్లు వచ్చేసరికి శరీరమూ సిద్ధంగా ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్‌లలో ఊరూరా క్లబ్బు జట్ల పోటీలు ఉంటాయి, విదేశీ అమ్మాయిలకు మ్యాచికి ఇంత అని ఇస్తారు. చాలామంది కింది ర్యాంకు అమ్మాయిల ఇంటిఖర్చు నడిచేది దానిమీదే. ఇవి టీవీలో రావు.

సరే, ప్రశ్నలు. అటు చివర ఉన్న బాబుగారు. 'ఎనిమిదో తరగతి చదువుతోంది, బడి మానిపించి అకాడమీలో వేద్దామా?' వద్దండీ. పద్నాలుగు నిండనిదే ప్రొఫెషనల్ టోర్నమెంటు ఆడనివ్వరు. నిండినా పద్దెనిమిది వచ్చేదాకా ఏడాదికి ఇన్నే ఆడాలని పరిమితి ఉంది. వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. చిన్నపిల్లలు అరిగిపోతున్నారనే 1995లో ఆ నియమం పెట్టారు. అంత తొందర ఎవరికీ లేనప్పుడు మీకెందుకు? అండర్ 14, అండర్ 16 జాతీయ టోర్నమెంట్లు ఆడించండి. బడి ఉండనివ్వండి.

ఈ అమ్మాయి ఏదో అడుగుతోంది. గట్టిగా అడుగమ్మా. 'ఎప్పుడు మానెయ్యాలి?' మంచి ప్రశ్న. నేను ప్రతి డిసెంబరులో అమ్మా నాన్నలతో కూర్చుని రెండు కాగితాలు చూసేదాన్ని. ఒకటి జమాఖర్చు. రెండోది, ఏడాదిలో నాకంటే పై ర్యాంకు వాళ్లను ఎంతమందిని ఓడించానో. ర్యాంకు చూడలేదు. రెండో కాగితం బాగుంటే మొదటిదాన్ని ఎలాగోలా భరించేవాళ్లం. రెండేళ్లు వరసగా రెండో కాగితం ఖాళీ అయింది, మోకాలు కూడా తోడైంది, మానేశాను. ఏడవలేదని చెప్పను. కానీ పదేళ్లు చేసిన పని అది, ఎవరూ నన్ను వెళ్లగొట్టలేదు.

ఆఖరిది. 'ముందు ఏం కొనాలి?' మూడు లక్షలు పెట్టి వేసవిలో స్పెయిన్ అకాడమీకి పంపుదామని ఒకరు అంటున్నారు. ముందు గట్టింగ్ మెషిన్ కొనండి, సెకండ్ హ్యాండ్‌ది. అమ్మాయికే నేర్పండి. మెషిన్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే నాది ఇంకా ఉంది. రేపు పొద్దున ఆరింటికి కోర్టు దగ్గరికి తెస్తాను, రండి. రాత్రి వాన పడితే మాత్రం రాకండి, మా మట్టి కోర్టు రెండు రోజులదాకా ఆరదు. ఉంటానండీ, నమస్కారం.